రెండో ఎర్రబోర్డు

"భంతే, నా మనసు ఇప్పుడు ఎక్కడికీ పోవడం లేదు. ఇంకా నేర్చుకోవలసింది ఏమైనా మిగిలిందా?"

చైత్ర పున్నమి నాడు, తామరకొండ విహారంలో, నలభైమంది ఉపాసకుల ముందు పైడిరాజు అడిగిన ప్రశ్న ఇది. ఆ నలభైమందిలో నేనూ ఉన్నాను. అడిగిన తీరులో పొగరు లేదు. అది ముందే చెప్పాలి, లేకపోతే మీరు పైడిరాజును అప్పుడే తప్పుపట్టేసి, కథ అక్కడితో ముగించేసుకుంటారు. పొగరు లేదు సరికదా, గొంతులో కాస్త దిగులు కూడా ఉంది. ఊళ్ళు తిరిగి తిరిగి సముద్రం దగ్గరికి వచ్చినవాడు, "ఇంక దారి లేదా?" అని అడిగినట్టు అడిగాడు.

ఇంతకూ పైడిరాజు ఎవరంటారా? కొండ కిందున్న కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు. నాలుగేళ్ళ కిందటి పైడిరాజును మీరు చూడలేదు గాని, చూసి ఉంటే ఈ ప్రశ్న విని చేతులెత్తి దణ్ణం పెట్టేవారు. అప్పట్లో ఆయనకు కోపం వస్తే ఫోను గోడకు తగిలేది, కంచం గుమ్మం దాటేది. "ఊరికి కరెంటు ఆయన ఇస్తాడు, ఇంట్లో మాత్రం ఎప్పుడూ చీకటే" అని ఆయన భార్యే నలుగురిలో అన్న మాట. రక్తపోటు ముదిరి, డాక్టరు భయపెట్టి, ఎవరో చెప్పగా విహారానికి వచ్చాడు. విహారంలోని పెద్ద భిక్షువు ఖేమానంద భంతే ఆయనకు ఒక సాధన నేర్పారు. ఏ పని చేస్తున్నా ఆ పనిని మనసులోనే పేరు పెట్టి పిలవడం. నడుస్తుంటే "నడుస్తున్నాను." నీళ్ళు తాగుతుంటే "తాగుతున్నాను." కోపం వస్తే "కోపం వచ్చింది, ఇదిగో ఉంది, ఇదిగో పోతోంది." అంతే. చెప్పడానికి ఇంతే. పైడిరాజు దాన్ని పట్టుకున్నట్టు మాలో ఎవరూ పట్టుకోలేదు. ఫోనులో పావుగంటకోసారి చిన్న గంట మోగేలా పెట్టుకున్నాడు. ఆయన ఒక గ్లాసుడు నీళ్ళు తాగడం కళ్ళారా చూడవలసిందే. మా ఆవిడైతే, "ఆ పైడిరాజుగారిలా ఒక్కపూటైనా కుదురుగా అన్నం తినండి, పుణ్యం ఉంటుంది" అని నన్ను దెప్పేది.

అలాంటివాడు అడిగాడు ప్రశ్న. మేమంతా భంతే వైపు తిరిగాం.

భంతేకు వాదించే అలవాటు లేదు. ప్రశ్న అడిగినవాణ్ణి కాసేపు చూసి, మరేదో అడుగుతారు. ఆ రోజూ అంతే. "నీ డ్యూటీ ఎప్పుడు నాయనా?" అన్నారు.

"ఈ వారమంతా పగలే భంతే. పొద్దున్న ఎనిమిదింటి నుంచి."

"అయితే మంగళవారం వస్తాను."

వెనక వరసలోంచి ఎవరో, "భంతే విహారానికి కొత్త మీటరు పెట్టించేస్తారర్రా!" అన్నారు. అందరూ నవ్వారు, భంతే కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం భంతే వెంట నేను వెళ్ళాను. డెబ్బై మూడేళ్ళ మనిషి. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే నా భుజం పట్టుకుని, రెండు మూడు శ్వాసలు తీసుకుని, అప్పుడు లేస్తారు. అడుగు వెనక అడుగుగా కొండ దిగి, సబ్‌స్టేషన్ చేరేసరికి పది దాటింది. కంకర పరిచిన ఆవరణ, ముళ్ళకంచె, తుమ్మెదల గుంపులా రొద చేసే ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక మూలగా ఒంటిగది. గదిలో బీరువాల్లా వరసగా నిలబెట్టిన ఇనుప పెట్టెలు. ఒక్కో పెట్టె మీద ఒక్కో లైను పేరు, కింద నల్లటి పిడి. ఆ పిడి ఇటు తిప్పితే నాలుగూళ్ళకు కరెంటు పోతుంది, అటు తిప్పితే వస్తుంది.

మూడో పిడికి ఒక ఎర్రబోర్డు వేలాడుతోంది. "మనుషులు పనిచేస్తున్నారు" అని తెల్లటి అక్షరాలు. అది ఏమిటని భంతే అడిగితే, పైడిరాజు ఎంతో వినయంగా చెప్పాడు.

"స్తంభం ఎక్కేవాడు ముందు మా దగ్గర లైను ఆపించుకుని, ఎల్సీ తీసుకోవాలి భంతే. అంటే, నేను పైన ఉన్నాను, లైను ఇవ్వొద్దు అని చెప్పి, నంబరు పుచ్చుకోవడం. పని అయ్యాక, దిగి, ఎవడు తీసుకున్నాడో వాడే తిరిగి అప్పగించాలి. అప్పుడే మేం బోర్డు తీసి లైను ఇస్తాం. ఒక మనిషికి ఒక బోర్డు. అదే లైను మీద ఇద్దరు ఎక్కితే రెండు బోర్డులు. ఇప్పుడు బంగారునాయుడని మా లైన్‌మన్, కాలవ గట్టున తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టిస్తున్నాడు. ఇది ఆయన బోర్డు."

"మంచి కట్టుబాటు" అన్నారు భంతే. నేను కుర్చీ వేశాను. పైడిరాజు స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకోవడం, అందించడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం... అబ్బ, ఏం చెప్పను, పూజ చేసినట్టుంది.

ఇంతలో బయట మోటారుసైకిలు ఆగింది. ఒక బక్కపలచటి మనిషి, నడుముకు తాడు, చంకలో పచ్చటి హెల్మెట్టు, గుమ్మంలోంచే కేక పెట్టుకుంటూ వచ్చాడు.

"పైడిరాజు బాబూ, మూడో లైనుకి నాకూ ఓ ఎల్సీ ఇయ్యండి. రైస్‌మిల్లు కాడ స్తంభం మీద తీగని మోసే పింగాణీ పగిలింది. ఇప్పుడు మార్సకపోతే సాయంత్రం ఊరు ఊరంతా నన్ను తిడతాది. బంగారునాయుడు మావకేటి, నాలుగు కొమ్మలు కొట్టుకుని ఎలిపోతాడు!"

అప్పుడు భంతేను చూశాడు. హెల్మెట్టు నేల మీద పెట్టి, గబుక్కున వంగాడు. "సామీ, దణ్ణాలు. నా నెత్తి మీద ఓపాలి సెయ్యెయ్యండి. ఈ టోపీ కంటే అదే గట్టిది."

భంతే నవ్వి, తల మీద చెయ్యి పెట్టారు. "టోపీ కూడా పెట్టుకో. నీ పేరేమిటి నాయనా?"

"సన్యాసప్పడినండి. పేరుకే సన్యాసిని. ఇంటికాడ ఇద్దరు పిల్లలు, ఇంకోటి దారిలో ఉంది."

భంతే పడీపడీ నవ్వారు. పైడిరాజు మాత్రం తల ఎత్తలేదు. పుస్తకం తెరిచి రాస్తున్నాడు. నేను ఆయన పెదాలే చూస్తున్నాను. "రాస్తున్నాను... రాస్తున్నాను..." అని సన్నగా కదులుతున్నాయి. కలం మొన మీదే చూపు. అక్షరాలు ముత్యాల్లా పడుతున్నాయి. సంతకం అయ్యాక, "ఎల్సీ నంబరు పదిహేడు" అని చెప్పి, కళ్ళు కిందికే దించుకుని, పుస్తకం మూశాడు.

సన్యాసప్పడు హెల్మెట్టు పెట్టుకుంటూ భంతేతో అన్నాడు. "బాబు ఈమధ్య మా మొకాలు సూడ్డం మానేసినాడు సామీ. దేవుడైపోతన్నాడు." నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే, తాడు ఊపుకుంటూ, ఎవరితోనో ఫోనులో మాట్లాడుకుంటూ బండెక్కాడు.

నాకు ఆ మాట గుచ్చుకుంది. సాధకుణ్ణి ఎగతాళి చేస్తాడా అని లోపల చిరాకుపడ్డాను. నిజం చెప్పకపోతే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు.

కాసేపటికి పైడిరాజు, "భంతే, పున్నమి నాడు అడిగినదానికి..." అని మొదలుపెట్టాడు. "పని కానీ నాయనా. చూస్తూ ఉంటాను" అన్నారు భంతే. పైడిరాజు తృప్తిగా తల వంచి, తన కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు, బయట ట్రాన్స్‌ఫార్మర్ల రొద. నాకైతే విహారంలోనే ఉన్నట్టుంది. మధ్యలో మూడు నాలుగుసార్లు ఫోను మోగింది. ఎండకు ఉడికిపోతున్న ఊళ్ళవాళ్ళు కరెంటు ఎప్పుడిస్తారని తిడుతున్నారు. ఒకడైతే నోటికొచ్చినట్టు మాట్లాడాడు, నాకే వినపడింది. పైడిరాజు ముఖంలో ఒక్క ముడత పడలేదు. "పని జరుగుతోందండీ, అయిపోగానే ఇస్తాం" అని అంతే మెత్తగా చెప్పి పెట్టేశాడు. నాలుగేళ్ళ కిందట అయితే ఆ ఫోను ఏమయ్యేదో నాకు తెలుసు. మురిసిపోయి భంతే వైపు చూశాను. ఆయన కిటికీలోంచి, వరసగా పోతున్న స్తంభాల వైపు చూస్తున్నారు.

పదకొండున్నరకు మళ్ళీ ఫోను. ఈసారి బంగారునాయుడు.

"అయిపోనాది బాబూ! మనుషులందరం దిగిపోనాం. నా ఎల్సీ వాపసు. బేగి ఇచ్చేయండి, ఇక్కడ పిండిమరకాడ ఆడోళ్ళు కొమ్మలతో పాటు నన్నూ నరికేసేటట్టున్నారు!"

పైడిరాజు పుస్తకం తెరిచి, వాపసు రాసుకున్నాడు. కలం మూత పెట్టాడు. లేచాడు.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి. ఆ లేవడం నేను చూశాను. శరీరం బరువు పాదాల మీదికి రావడం, మడమ ఎత్తడం, అడుగు పడడం, అన్నీ ఆయనకు తెలుస్తున్నాయని చూసేవాడికి తెలుస్తోంది. నాలుగడుగుల దూరం అది. అంత అందమైన నడక నేను ఏ యాత్రాస్థలంలోనూ చూడలేదు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అవునండీ, నేను దణ్ణం పెట్టాను. పైడిరాజు మూడో పెట్టె ముందు నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. "తీస్తున్నాను..." ఎర్రబోర్డు తీసి పక్కన పెట్టాడు. "చెయ్యి లేస్తోంది... చాస్తున్నాను..." చెయ్యి నిజంగానే పువ్వు విచ్చుకున్నట్టు లేచింది. "తగిలింది... చల్లగా ఉంది..." వేళ్ళు ఒక్కొక్కటిగా నల్లటి పిడి చుట్టూ మూసుకున్నాయి. "తిప్పు..."

గది పగిలినట్టు ఒక కేక.

"సన్యాసప్పడు దిగాడా!"

ఆ గొంతు భంతేదని నాకు వెంటనే తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, ఆయన గొంతు పక్కవాడికి తప్ప మరొకరికి వినపడగా ఎరగను. గ్లాసు నేల మీద పడి మజ్జిగ చిమ్మింది. నా భుజం లేకుండా లేవలేని ఆ మనిషి కుర్చీ తన్నుకుని, కాషాయ చీవరం భుజం మీంచి జారిపోతుంటే, ఒక్క ఉదుటున పైడిరాజు మీద పడ్డారు. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజారు. గోళ్ళు దిగి చర్మం లేచిపోయింది. ఒక భిక్షువు, నా కళ్ళముందు, మనిషిని కొట్టినంత పని చేశారు!

పిడి కదలలేదు. వెంట్రుకవాసిలో తప్పింది.

పైడిరాజుకు ఏం జరిగిందో మొదట అర్థం కాలేదు. ధ్యానం భగ్నమైనవాడిలా, కాస్త నొచ్చుకున్నట్టు భంతే వైపు చూశాడు. తరవాత ఆయన చూపు మెల్లగా గోడ మీదికి పోయింది. కిటికీ పక్కన మేకుకు రెండో ఎర్రబోర్డు అలాగే వేలాడుతోంది. దాని మీదా అవే తెల్లటి అక్షరాలు. సన్యాసప్పడి కోసం దాన్ని తీసి పిడికి ఎవరూ తగిలించలేదు. గంటసేపటి నుంచీ అది నా కళ్ళముందే ఉంది. చూశాను. చూసి ఏం లాభం?

పైడిరాజు ఫోను అందుకున్నాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. స్పీకరులో రింగు వినపడుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎత్తలేదు. పిడి తిరగలేదని మాకు తెలుసు. తిరగలేదని కళ్ళతో చూశాం. అయినా ఆ రింగు మోగుతున్నంతసేపూ ముగ్గురం ఊపిరి పీల్చలేదు. రోజూ శ్వాసను గమనించేవాళ్ళం, ముగ్గురమూ.

రెండు నిమిషాల తరవాత అటునుంచే ఫోను వచ్చింది.

"ఏటి బాబూ, సంపేస్తన్నారు! పైనున్నాను, రెండు సేతులూ తీగ మీదే ఉన్నాయి. నోటితో ఎత్తమంటారేటి ఫోను? ఇంకో అరగంట పడతాది. ఆ మిల్లోడికి సెప్పండి, ఆగమని."

నేనే ఫోను లాక్కుని, "ఏం లేదు నాయనా, నిదానంగా చేసుకో, నిదానంగా" అన్నాను. పైడిరాజు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి, మజ్జిగలో కూర్చుండిపోయాడు.

ఆయన భార్య భంతే కోసమని క్యారేజీ పంపింది. ముద్దపప్పు, వంకాయ కూర, పెరుగు. భిక్షువుల నియమం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటితే భంతే ముద్ద ముట్టరు. పన్నెండయింది. గుర్తు చేద్దామని భంతే ముఖం చూశాను. ఆయన రెండో ఎర్రబోర్డును తానే తీసి మూడో పిడికి తగిలించి, దాని పక్కనే నిలబడి ఉన్నారు. చీవరం సర్దుకున్నారు గాని, అక్కణ్ణుంచి కదల్లేదు. నేను క్యారేజీ మాట ఎత్తలేదు. పన్నెండు దాటిపోయింది.

పన్నెండుంబావుకు సన్యాసప్పడు వచ్చాడు. చొక్కా చెమటకు అంటుకుపోయి, చేతులకు మసి. "పదిహేడు వాపసు బాబూ. పింగాణీ మార్సీసేను. ఇంక తిట్టమనండి సూద్దాం" అంటూ పుస్తకం కోసం చెయ్యి చాచాడు. పైడిరాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి కూడా పట్టుకుని, రెండింటినీ తిప్పి చూశాడు. అరచేతులు, వేళ్ళ సందులు.

"ఏటి బాబూ, పెళ్ళిసూపులకొచ్చినట్టు సేతులు సూస్తన్నారు?"

"నేను లైను ఇచ్చేయబోయాను" అన్నాడు పైడిరాజు. "నువ్వు పైన ఉండగా. బోర్డు తీసేశాను. పిడి పట్టుకున్నాను. భంతే ఆపారు."

సన్యాసప్పడి ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. తరవాత హెల్మెట్టు తీసి, గుమ్మం మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు. చివరికి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"మా ఇంటిదానికి మాత్రం సెప్పకండి బాబూ. ఇలాటి రోజుల్లో ఉంది."

పుస్తకంలో సంతకం పెట్టాడు. వెళ్ళిపోయేటప్పుడు భంతే పాదాల దగ్గర తల పెట్టి, ఈసారి ఏమీ అడగలేదు. బండి స్టార్టు చెయ్యడానికి నాలుగుసార్లు తన్నవలసి వచ్చింది.

పైడిరాజు జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాశాడు. పై అధికారికి ఫోను చేసి తానే చెప్పాడు. అటునుంచి ఏమన్నారో మాకు వినపడలేదు. "అవునండీ. నేనే. అవునండీ" అనడమే వినపడింది. తరవాత, ఇంకెవరైనా మిగిలారా అని పుస్తకం మూడుసార్లు చదివి, ఎర్రబోర్డు తీసి, లైను ఇచ్చాడు. పిడి తిప్పుతున్నప్పుడు ఆయన పెదాలు కదల్లేదు. కళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నాయి.

వచ్చి భంతే ముందు నేల మీద కూర్చున్నాడు. మణికట్టు మీద నాలుగు గోళ్ళ గాట్లు ఎర్రగా ఉబ్బాయి.

"భంతే, నేను పరధ్యానంలో లేను" అన్నాడు. "నాకు భయం వేస్తున్నది అందుకే. ఏదో ఆలోచిస్తూ, ఎటో చూస్తూ చేసి ఉంటే, పొరపాటైంది, రేపటి నుంచి జాగ్రత్తగా ఉంటాను అనుకునేవాణ్ణి. నేను నా చేతితోనే ఉన్నాను. అది లేవడం తెలుసు. చాచడం తెలుసు. ఆ చల్లదనం తెలుసు. ఒక్క అంగుళం కూడా నాకు తెలియకుండా జరగలేదు భంతే!"

భంతే వంగి, ఆ గాట్ల మీద తన అరచెయ్యి ఉంచారు.

"చూశాను నాయనా. వేళ్ళ కొసల దాకా ఎంత బాగా చూసుకున్నావో చూశాను" అన్నారు. కిటికీలోంచి, వరసగా పోతున్న స్తంభాల వైపు చూశారు. "నీ చెయ్యి అక్కడితో అయిపోతుందని ఎవరు చెప్పారు నీకు?"